మరచెంబు పెట్టిన పరీక్ష

నాలుగు దిక్కులను నీరే కనుపించు భీమవరమువంటి యూర, ప్రొద్దుననే కళాశాలకు బోవు విద్యార్థి మొదలుకొని రాత్రివేళ రొయ్యల చెరువుగట్టున కాపలా కాయు కూలివాని వరకు ప్రతివాడును త్రాగునీటిని చేత పట్టుకొని పోవలసి వచ్చుట పైయూరివారికి వింతగా తోచవచ్చును గాని, డెల్టాలో పుట్టి పెరిగినవారికి అందు వింత యేమియు లేదు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మూలమున గోదావరి నీరు కాలువల వెంట మా యూరి దాక వచ్చుచున్నది. వచ్చుచున్నదే గాని, వరదకాలమున అది ఎర్రనీరై, బిందె లోపల చిల్లగింజ అరగదీసి తేర్చుకొన్నదాక మా పెద్దల నోటికి ఎక్కకుండెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన పిమ్మట మంచినీళ్ల చెరువులో నిలువ చేసికొన్నదే శరణ్యమై యుండెను. భూగర్భజలము చాలచోట్ల ఉప్పన. అందువలననే యిరువది లీటర్ల నీళ్ల టిన్ను ఇంటింటి గుమ్మమునకు వచ్చుటయు, 2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన ఎన్.టి.ఆర్. సుజల పథకము 2 రూపాయలకు 20 లీటర్ల శుద్ధజలమును ఇయ్యబూనుటయు జరిగినవి. ఇంట టిన్ను ఉన్నది, సరియే; గడప దాటిన పిమ్మట ఆ నీటిని దేనిలో పోసికొని పోవలెనన్నది ఈ వ్యాసమునకు విషయము.

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. మన తాతల నాడు దీనికి స్థిరమైన సమాధానమొకటి యుండెను. దాని పేరు మరచెంబు. గుండ్రని పొట్ట, కురుచ మెడ, మెడకు తిరిగిన మర, ఆ మరపై బిగియు మూత, మూతమీద పట్టుకొనుటకు కడియము — ఇంతే దాని రూపము. పొలమునకు బోవు కాపునకు ఎండిన ఆనపకాయ బుర్ర ఎట్టిదో, రైలెక్కు గృహస్థునకు ఇత్తడి మరచెంబు అట్టిది. స్టేషనులో హిందువులకు వేరుగను ముసల్మానులకు వేరుగను నీరు పోసిన ఆ దినములలో, మడియు ఆచారమును పాటించువారు ఆ రెండింటిని గూడ ముట్టక, ఇంటి నూతి నీటిని మరచెంబున నింపుకొని కాశీ దాక పోయి, తిరుగు ప్రయాణమున సీలు వేసిన రాగి చెంబులలో గంగ తెచ్చుకొనుచుండిరి. మా నాయనమ్మ మరచెంబు నేటికిని మా యింట నున్నది. దానిని చేతిలోనికి తీసికొని చూచినప్పుడెల్ల, ఇత్తడి కంటె, దాని నునుపు కంటె ఎక్కువగా నన్నాకర్షించునది దాని నోరు: నాలుగు వ్రేళ్లును వానితో గూడ చింతపండు ముద్దయు సులభముగా దూరునంత వెడల్పు. దానిని చేసినవాడు నీరు పట్టుటను మాత్రమే గాక, రేపు దానిని తోముకొనవలసిన ఇల్లాలి చేతిని గూడ తలచుకొని చేసినాడు. లోపల చేయాడునా, మూత బిగిసిన పిదప తలక్రిందులు చేసిన నీరు కారకుండునా, పాడైన భాగము బాగుపడునా — ఆ చెంబు పెట్టు పరీక్షలు ఈ మూడే. నేడు అంగడిలో అద్దాల బీరువాలయందు రంగురంగులుగా నిలిచియున్న వస్తువులన్నింటిని నేను ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షింపదలచితిని.

మొదట ప్లాస్టిక్కు మాట. 1965లో బొంబాయిలో బిస్లెరీ పేర సీసా నీరు అమ్మకమునకు వచ్చినప్పుడు, నీటిని కొనువారుందురా యని ఆశ్చర్యపడినవారే ఎక్కువ. అప్పుడది గాజు సీసాలలోనే వచ్చుచుండెను. తరువాత వచ్చిన పల్చని పెట్ బాటిలు దేశమును ముంచివేసినది. ఒకసారి త్రాగి పారవేయుటకు చేసిన ఆ బాటిలును మనవారు పారవేయరు. పొదుపు మన రక్తమున నున్నది గనుక, దానినే కడిగి నింపి, మరల నింపి, నెలల తరబడి వాడుదురు. పొదుపు మంచిదే గాని ఇక్కడ అది తగని చోట పడినది. ఆ బాటిలు నోరు ఇరుకు, గోడలు పలుచన, వేడినీటికి ముడుచుకొనును, లోపలికి బ్రష్షు పోదు. ఎండలో కారు డాష్‌బోర్డుపై గాని పడవ చెక్కపై గాని విడిచినచో, వేడిమి హెచ్చినకొలది ఆ ప్లాస్టిక్కు తయారీలో వాడిన ఆంటిమొనీ నీటిలోనికి దిగుట హెచ్చును. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు సీసా నీటిని లేసరు కిరణములతో పరీక్షించి, లీటరునకు సగటున సుమారు 2,40,000 ప్లాస్టిక్ కణములను లెక్కించిరి; అందు నూటికి తొంబది పాళ్లు అత్యంత సూక్ష్మమైన నానో కణములు. అవి దేహమున నేమి చేయుచున్నవో నిర్ధారణ కావలసియున్నది గాని, నిర్ధారణ యగు వరకు పిల్లవాని బడి సంచిలో వానిని ఉంచవలసిన అగత్యము నాకు కనబడదు. 2022 జూలై 1 నుండి దేశమంతట కొన్ని ఒకసారి వాడు ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినప్పుడు గ్లాసులు, స్ట్రాలు, చెంచాలు ఆ జాబితాలో చేరినవి గాని నీళ్ల బాటిలు చేరలేదు. ఈ మినహాయింపు నాకు మిక్కిలి బాధ కలిగించినది. మా యనమదుర్రు డ్రెయిను గట్టున నిలిచి నీటిని చూచినవారికి ఆ బాధ యెందులకో చెప్పనక్కరలేదు.

దళసరి ప్లాస్టిక్కు వేరు జాతి. అడుగున త్రికోణములో 5 అంకె యున్న పాలీప్రొపిలీను, 2 అంకె యున్న హెచ్.డి.పి.ఇ. తేలికైనవి, క్రిందపడిన పగులవు, చిన్నపిల్లలకు కొంతవరకు పనికివచ్చును. గాజువలె తళతళలాడు పాలీకార్బొనేటులో బిస్ఫినాల్-ఎ అను పదార్థముండుట చేత 2011లో ఐరోపా సమాఖ్యయు, 2012లో అమెరికాయు పసిపిల్లల పాలసీసాలలో దానిని తొలగించినవి. ఇచ్చట ఒక చిన్న చరిత్ర చెప్పదగియున్నది. అమెరికాలోని రోచెస్టరు నగరమున 1949లో పుట్టిన నాల్జీన్ సంస్థ ప్రయోగశాలలకు వెడల్పు మూతి సీసాలు చేయుచుండగా, ఆ శాస్త్రజ్ఞులే వారాంతములలో కొండలెక్కుచు వానిని నీళ్లకై వెంట గొనిపోవ నారంభించిరి. ఆ విధముగా రసాయనపు సీసా ప్రయాణికుని బాటిలైనది. 2008లో బిస్ఫినాల్ భయము పుట్టగా ఆ సంస్థ ప్లాస్టిక్కునైతే మార్చినది గాని వెడల్పు మూతిని మార్చలేదు. మరచెంబు చేసిన కంచరి యెరిగిన సత్యమునే రోచెస్టరువారును ఎరిగిరని నాకు సంతోషము.

ఇక రాగి. గడచిన పది పదునైదేండ్లలో రాగి బాటిలు వివాహములలో కానుకగా, కార్యాలయములలో బహుమతిగా, ఆరోగ్యమునకు సంజీవనిగా ప్రచారము పొందినది. అందు సత్యము కొంత కలదు. రాగి క్రిమిసంహారకము, 2012లో ప్రచురితమైన బెంగళూరు పరిశోధకుల ప్రయోగములో, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులను కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలుంచగా అవి నశించినవి, నీటిలోనికి దిగిన రాగియు ప్రమాదపు హద్దునకు చాల లోపలనే యుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దును లీటరునకు 2 మిల్లీగ్రాములుగా పెట్టినది. కాని ఆ ఫలితము రాత్రియంతయు కదలక నిలిచిన మంచినీటిని గూర్చినది. మధ్యాహ్నపు బస్సులో నిమ్మరసమును, ఉప్పు వేసిన మజ్జిగను రాగి బాటిలులో పోసికొని పోవువారికి అది వర్తింపదు. పులుపు తగిలిన రాగి కరగును, కరగిన రాగి కడుపులో త్రిప్పును, వాంతి తెచ్చును. మన పెద్దలు ఈ సంగతి నెరుగకపోలేదు. పెరవలి మండలములోని అజ్జరము ఇత్తడికి పేరుపడిన యూరు. ఆ పనితనము గల ప్రాంతమున, ఇత్తడి రాగి వంటపాత్రలకు లోపల తగరముతో కళాయి వేయించనిదే పులుసు కాచెడివారు కారు. వీధిలో కొలిమి పెట్టి, నవసాగరము చల్లి, దూదితో తగరమును పాత్రంతట పరచు కళాయివాని చేతిపని చూచుటకు పిల్లలమందరము గుమిగూడెడివారము. నేటి రాగి బాటిలునకు కళాయి లేదు, చేయి దూరు నోరును లేదు. లోపలి చిలుమును చూచుటకే వీలులేని పాత్రను పులుపుతో తోముట యెట్లు? ఇంట రాగి బిందె యుంచుకొని రాత్రి నీరు పోసి, తెల్లవారి త్రాగుట మేలు. ప్రయాణమునకు రాగి బాటిలును నేను సిఫారసు చేయను.

అన్నిటిలో ఎక్కువ విచారింపవలసినది స్టీలు. 1913లో షెఫీల్డు పట్టణమున హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కును పోతపోసిన నాటినుండి మన వంటింటిని అది క్రమముగా ఆక్రమించినది. అంగడివాడు స్టీలు అను ఒకే మాటతో చెప్పు వస్తువునందు నిజమునకు పెక్కు జాతులు గలవు. నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గలది 304 రకము. దానినే 18/8 అని ముద్ర వేయుదురు. నికెలు ఖరీదైనది గనుక దానిని తగ్గించి మాంగనీసు కలిపి చేయు 200 వరుస రకము చౌక. మెరుగు చూచి రెంటికిని భేదము చెప్పుట అసాధ్యము. అయస్కాంతము అంటుకొనకున్న మంచి స్టీలని మనలో నొక నమ్మకమున్నది, ఇది చాలదు. 304 అంటుకొనని మాట నిజమే గాని 200 వరుసయు అంటుకొనదు. పైగా మంచి 304 కూడ వంచి సాగదీసిన మెడ దగ్గర కొంచెము అంటుకొనవచ్చును. ఈ భేదము మదనపల్లెలోనో మహబూబునగరులోనో ఆలస్యముగా బయటపడును గాని మా ఉప్పుగాలిలో ఏడాది తిరుగకముందే బయటపడును: మూతి అంచున, అడుగు అతుకున సన్నని ఎర్రచుక్కలు. ఉప్పులోని క్లోరైడు స్టీలునకు శత్రువు. రొయ్యల చెరువుపై పనిచేయువారు, దొరికినచో, మాలిబ్డినము కలిసిన 316 రకమును తీసికొనుట లాభము. దొరకకున్న 304 చాలును, కాని ఉప్పు మజ్జిగ పోసిననాడు సాయంత్రమే కడుగవలెను. 2023లో కేంద్ర ప్రభుత్వము రాగి, స్టీలు, అల్యూమినియము త్రాగునీటి బాటిళ్లకు భారతీయ ప్రమాణ సంస్థ గుర్తును తప్పనిసరి చేయు ఉత్తర్వు నిచ్చినది. ప్రమాణపు సంఖ్య ఐ.ఎస్. 17803. తూకము, రంగు, పేరు చూచుటకు ముందు అడుగును త్రిప్పి ఆ ముద్రను చూడవలెను.

ఒంటిగోడ స్టీలు బాటిలు తేలిక, చౌక, సొట్టపడినను నీరు పట్టును, పాతబడిన పిదప తూకమునకు పోవును. మా వేసవిలో దానికున్న లోపమొక్కటే. గంటలో లోపలి నీరు వేడెక్కును. దీనికి మందుగా వచ్చినది రెండు గోడల నడుమ గాలి తీసివేసిన బాటిలు. 1892లో జేమ్స్ డీవార్ తన ప్రయోగశాలలో అతిశీతల ద్రవములను నిలుపుకొనుటకు గాజుతో ఈ ఉపాయమును కనుగొనెను. 1904లో జర్మనీయులు దానిని థెర్మాస్ పేర అంగడికి తెచ్చిరి. 1913లో విలియం స్టాన్లీ దానిని పూర్తిగా ఉక్కుతో చేసెను. వేడి చాలవరకు మధ్యనున్న పదార్థము మూలముననే ఒకచోటినుండి వేరొకచోటికి పోవును గదా. ఆ పదార్థమునే తీసివేసినచో వేడికి ఆ వంతెన లేదు; కిరణరూపమున పోవు కొంత వేడి మాత్రమే మిగులును. ఒకప్పుడు ఆసుపత్రిలో రోగికి పాలు తీసికొనిపోవు గాజు ఫ్లాస్కు జారిపడి ఠప్పున పగిలినప్పుడు ఇల్లంతయు నిట్టూర్చెడిది. ఉక్కు వచ్చి ఆ కష్టము తీర్చినది.

అయినను ఇరువది నాలుగు గంటల చల్లదనమని అట్టపెట్టెపై వ్రాసిన మాటకు లొంగి కొనువారికి రెండు సంగతులు చెప్పవలసియున్నది. ఈ బాటిలునకు ప్రాణము ఆ శూన్యమే. అది పోయినచో పైకి ఏ మార్పును కనబడదు. కొన్న దినముననే మరుగునీరు పోసి మూత బిగించి ఐదు నిమిషములాగి పైగోడను తాకి చూడవలెను. మెడ దగ్గర కొంచెము వెచ్చదనము సహజము గాని నడుము వెచ్చబడినచో శూన్యము లేదన్నమాట, వెంటనే తిరిగి ఇచ్చివేయవలెను. క్రిందపడి అడుగు సొట్టపోయిన ప్రతిసారియు ఇదే పరీక్ష మరల చేయవలెను. రెండవది, అడుగు బిళ్ల. కొన్ని కంపెనీలవారు శూన్యమును మూయు చిన్న రంధ్రమునకు సీసము కలిసిన బిందువును వాడి దానిపై ఉక్కు బిళ్ల నమర్చుదురని 2024లో లోకమునకు తెలిసినది; స్టాన్లీ సంస్థ తానును అట్లు చేయుచుంటినని ఒప్పుకొనెను. బిళ్ల యున్నంతకాలము అది నీటికి గాని చేతికి గాని తగులదు. బిళ్ల ఊడిన బాటిలును మాత్రము పిల్లల చేతికీయరాదు. మజ్జిగను, పాలను, తియ్యని రసములను వీనిలో పూటలకొలది ఉంచుటయు తగదు. గోరువెచ్చదనము చాలసేపు నిలుచును గనుక సూక్ష్మజీవులకు అంతకంటె సుఖస్థానము లేదు, పులిసిన దాని గాలికి మూత ఎగిరి ముఖమునకు తగులుటయు కలదు.

ఇప్పుడు నోటి మాటకును మూత మాటకును వచ్చుచున్నాను. నా దృష్టిలో ఎన్నిక యంతయు ఇక్కడనే యున్నది. మనము నీరు త్రాగు తీరు వేరు. పెదవి తగిలించిన పాత్ర ఎంగిలి. కావున చెంబును ఎత్తి, తల వెనుకకు వాల్చి, ధారగా గొంతులో పోసికొందుము. దీనిని ఛాందసమనువారు ఒక మంచి సంగతిని విస్మరించుచున్నారు: ఒక్క బాటిలు రైలు పెట్టెలో ఆరుగురికి చేరునప్పుడు, ఒకరి జలుబు మరియొకరికి చేరకుండ కాపాడునది ఈ యాచారమే. పెదవులతో పీల్చుటకై చేసిన గొట్టపు మూత, నొక్కిన తెరచుకొను సిప్పరు మూత, మనయింట ఒక మనిషికే పరిమితము. పైగా ఆ సన్నని గొట్టములో చేరిన పాచిని కడుగుటకు ప్రత్యేకమైన బ్రష్షు కావలెను. బడిపిల్లల సిప్పరు గొట్టమును ఒకసారి విప్పి వెలుతురులో చూచిన తల్లి మరల దానిని కొనదు. మరియొకవైపు, మరీ వెడల్పు మూతి బాటిలును ఎత్తి పోసికొన్నచో, కదలు బస్సులో నీరు చొక్కాపై పడును. రెండింటికి సంధి యొకటి కలదు: లోనికి చేయో బ్రష్షో పోవునంత వెడల్పు నోరు, దానిపై మరతో బిగియు పై భాగము, ఆ పై భాగమునకు ధార వచ్చునంత చిన్న మూతి. అనగా విప్పుటకు పెద్ద మూత, త్రాగుటకు చిన్న మూత. ఇట్టివి కొంచెము ఖరీదు ఎక్కువైనను వానినే వెదకవలెను.

మూత లోపల నున్న రబ్బరు వాషరే బాటిలునకు నిజమైన కావలి. దాని క్రింద నల్లబూజు చేరును. వారమునకొకసారి పిన్నుతోనో చెంచా కొనతోనో దానిని ఊడదీసి, కడిగి, ఆరబెట్టి మరల తొడుగవలెను. ఊడి రాకుండ అతికించిన వాషరు గల మూతను కొనరాదు. ఈ విషయమై నేను మా యూరి అంగళ్లలో తిరిగి, వాషరు విడిగా దొరకునా యని అడుగగా ఒక దుకాణదారు నాకిచ్చిన సమాధానము మరువలేనిది: "వాషరు పోతే మూత కొనుక్కోవాలండి, మూత పోతే బాటిలే కొనుక్కోవాలండి." అతని తప్పేమియు లేదు, అతడు ఉన్న మాటనే చెప్పినాడు. అర్ధరూపాయి చేయని రబ్బరు ఉంగరమునకై వెయ్యి రూపాయల ఉక్కును పారవేయించు ఏర్పాటు మాత్రము అన్యాయమని నేను గట్టిగా నమ్ముచున్నాను. మూతలను, వాషరులను విడిగా అమ్ము కంపెనీ బాటిలు నూరు రూపాయలు ఎక్కువైనను అదే చౌక.

గాజు నీటి రుచిని చెడగొట్టదు, లోపల నున్నది కనబడును, శుభ్రము. పగులుటయే దాని పాపము. బోరోసిలికేటు గాజు వేడికి పగులదు గాని మెట్టుపై పడిన పగులును. తిరుమలలో 2022 జూన్ 1 నుండి ప్లాస్టిక్కును పూర్తిగా మానిపించినప్పుడు కొండపై గాజు సీసాల నీరు వాడుకలోనికి వచ్చినది. దేవస్థానమువారి జలప్రసాదపు కుళాయిలు ఎటుతిరిగినను ఉన్నవి. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కు మన భీమవరపు యాత్రికునకు ఆ కుళాయిలుండగా పెద్ద బాటిలుతో పనిలేదు. అరలీటరు ఒంటిగోడ స్టీలుది చంకన వ్రేలాడిన చాలును. అల్యూమినియపు బాటిలు చూచుటకు స్టీలును బోలియుండును గాని లోపల పూత లేనిదే పనికిరాదు. పూత గీసికొనిపోయిన తరువాత మార్చుటకు మార్గము లేదు. దానిని గూర్చి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

పరిమాణము విషయమున ఆశకు పోరాదు. లీటరు నీరు కిలో బరువు. శూన్యపు బాటిలు తానే అరకిలోకు దగ్గర తూగును. పుస్తకాలతో గూడిన పదేండ్ల పిల్లవాని వీపుపై ఆ బరువు నుంచుటకంటె అరలీటరు బాటిలిచ్చి బడిలో మరల నింపుకొమ్మని చెప్పుట మేలు. కొనుటకు ముందు స్కూటరు సంచిలో, బస్సు సీటు వెనుక వలలో అది పట్టునో లేదో ఆలోచింపవలెను. లావైన బాటిలు ఎంత మంచిదైనను ఇంటనే ఉండిపోవును. పైచదువులకు అమెరికా పోవు మన పిల్లలు ఖాళీ బాటిలునే చేతిసంచిలో ఉంచుకొనవలెను. 2006 ఆగస్టులో లండనునుండి పోవు విమానములను ద్రవరూపపు ప్రేలుడు పదార్థములతో కూల్చు కుట్ర బయటపడిన నాటినుండి, అంతర్జాతీయ ప్రయాణమున 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవమును తనిఖీ దాటనీయని నియమము వ్యాపించినది. ఖాళీ పాత్రకు అడ్డు లేదు, లోపల కుళాయి యుండును.

నేను తరచు ఎక్కునది సాయంకాలము నరసాపురమున బయలుదేరి భీమవరము మీదుగా హైదరాబాదు పోవు రైలు. వేసవియైనచో ముప్పాతిక లీటరు శూన్యపు బాటిలులో చల్లని నీరును, దానికి తోడు లీటరు పట్టు ఒంటిగోడ స్టీలు బాటిలులో మామూలు నీరును తీసికొందును. చలికాలమున రెండవది ఒక్కటియే. రెండింటిని రాత్రియే నింపి, మూత బిగించి, వంటింటి గట్టుపై పాత వార్తాపత్రిక పరచి దానిమీద తలక్రిందులుగా నిలిపి పండుకొందును. తెల్లవారి కాగితము పొడిగా నున్న బాటిలు నాతో వచ్చును. తడిసినచో ఆ దినముననే వాషరు మార్చుదును. మా నాయనమ్మ మరచెంబునకు ఇప్పుడు కళాయి పోయినది, వేయువాడును మా వీధికి వచ్చి చాల ఏండ్లైనది, కావున దానిలో నీరు త్రాగుట మానితిమి. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుచు దానిని గూడ నీటితో నింపి ఆ కాగితముపై బోర్లించి చూచితిని. తెల్లవారి చూడగా కాగితముపై ఇత్తడి మూత గుండ్రని ముద్ర పడియున్నది గాని తడి లేదు.